సాగరతీరంలో పడుగు

ఉష ఆ రోజుకు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు ఇంటి ఓనరు శంకరన్న వస్తాడు. కాఫీ తాగుతాడు. ఇల్లు ఒకసారి కలియజూస్తాడు. "సరే, ఉండండి" అంటాడు. వెళ్లిపోతాడు. ఇందులో చెడిపోవడానికి ఏముంది, మీరే చెప్పండి? అయినా ఆమె తెల్లవారకముందే లేచి, నిన్న తుడిచిన కిటికీలనే మళ్లీ తుడుస్తోంది. 

ఇల్లంటే పెద్ద ఇల్లేమీ కాదు, ఒక బెడ్‌రూమ్ ఫ్లాటు. ఆదోనిలో చెరువును ఆనుకుని లేచిన మూడంతస్తుల భవనంలో పై అంతస్తు. కట్టించినాయన దానికి 'సాగరతీర్ రెసిడెన్సీ' అని పేరు పెట్టుకున్నాడు. ఆదోనికి సముద్రం ఎంత దూరమో ఆయన్ను ఎవరూ అడగలేదు. వానలు బాగా పడితే బెడ్‌రూమ్ కిటికీలోంచి నీళ్లు కనబడతాయి. ఎండాకాలంలో అదే కిటికీలోంచి క్రికెట్టు కనబడుతుంది. వంటగదిలో ఒకరు వంగితే రెండోవారు బయటికి రావాలి. అయినా ఉషకు ఆ ఇల్లంటే ప్రాణం. దానికి కారణం సముద్రమూ కాదు, చెరువూ కాదు. బెడ్‌రూమ్ తలుపుకు లోపలివైపు ఒక గడియ ఉంది.

ఆ గడియ విలువ తెలియాలంటే ఎమ్మిగనూరులో ఆమె కొత్త కాపురం చూసి ఉండాలి. భర్త సుమంత్‌ది నేతవాళ్ల ఇల్లు. ఉన్న ఒక్క పెద్ద గదిలో రెండు మగ్గాలు, వాటి చుట్టూ ఇంటిల్లిపాదీ. కొత్త జంటకు దొరికిన చోటు వెనక వసారా, దానికి తలుపు బదులు ఒక పాత చీర. చీకటి విడవకముందే మగ్గం టకటకమనేది. మామ కేశవులు దేవుడులాంటి మనిషి, కాదనడం లేదు. కానీ అగ్గిపెట్టె కనబడకపోయినా సరే, ఆ చీర పక్కకు తొలగించి, తల లోపలికి పెట్టి, "పండుకున్న్యారా అమ్మా?" అని అడిగే దేవుడు. సుమంత్‌కు ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసులో ఉద్యోగం. రోజూ బస్సులో పడి తిరగడం కష్టంగా ఉందని ఇంట్లో చెప్పి ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు. అసలు కారణం బస్సు కాదని ఇద్దరికీ తెలుసు.

శంకరన్న పత్తి వ్యాపారి. ఇల్లు ఇచ్చిన రోజే మూడు షరతులు పెట్టాడు. "సుట్టాలు వచ్చి మకాం పెట్టగూడదు. ఇంట్లో యాపారం సేయగూడదు. గోడకు మేకు కొట్టగూడదు." మేకు భయానికి వాళ్ల పెళ్లిఫోటో ఇప్పటికీ బియ్యం డబ్బా మీద గోడకు ఆనుకునే ఉంది. ఆరు నెలల అద్దె గడువు తీరిపోయింది. ఈ ఇల్లు తనకు కావాలని ఎవరో బ్యాంకాయన శంకరన్న చుట్టూ తిరుగుతున్నాడని భోగట్టా. "పది గంటలకు వచ్చి సూస్తా. అంతా సక్కగా ఉంటే ఉండండి, ల్యాకుంటే సామాన్లు కట్టుకోండి" అన్నాడాయన. సామాన్లు కట్టుకుంటే వెళ్లాల్సింది ఎక్కడికి? ఆ పాత చీర వెనక్కి.

ఇదంతా ఉషకు తెలిసిన సంగతి. తెలియని సంగతిని సుమంత్ రాత్రంతా కడుపులో దాచుకున్నాడు. నిన్న సాయంత్రం నాయన ఫోను చేసి, "రేపు ఫస్టు బస్సుకు నేనూ మీ అమ్మా వస్తాండాం. సిన్న పని" అన్నాడు. పదికి ఓనరు వస్తాడని మాత్రం సుమంత్ గొణిగాడు. రావద్దని నాయనతో అనే ధైర్యం లేదు. వస్తున్నారని పెళ్లాంతో చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. అందుకని దుప్పటి కప్పుకున్నాడు.

బెల్లు మోగింది. ఉష చేతిలోని గుడ్డ కిందపడింది.

"అప్పుడే వచ్చేసినాడా శంకరన్న? పది అన్నాడు గదా!"

"ఆయన గాదులే" అన్నాడు సుమంత్ దుప్పటిలోంచి.

"తలుపు తీయకుండానే నీకెట్ల తెలుసు?"

జవాబు తలుపు అవతల నిలబడి ఉంది. ముందు కేశవులు. గంజి మరకలు కనబడవని ఎప్పుడో కుట్టించుకున్న ఖాకీ చొక్కా, చంకలో మూరెడు కుంచె, భుజాన బిడ్డను ఎత్తుకున్నట్టు తెల్లటి నూలు మూట. వెనక అత్త ఈశ్వరమ్మ, చేతిలో పెద్ద స్టీలు క్యాను. క్యానులో పాలున్నాయేమోనని ఉష ఒక్క క్షణం ఆశపడింది. మూత తీస్తే గంజి.

"ఏం నాయనా ఇదంతా?" అన్నాడు సుమంత్, తానూ అప్పుడే ఆశ్చర్యపోతున్నట్టు.

"పడుగప్పా."

"పడుగని నాకు తెల్దా? ఈడికెందుకు తెచ్చినావు?"

"మన వీధి సూసినావా? నీళ్ల పైపులని సెప్పి ఈ కొసన మొదలుపెట్టి ఆ కొస దాకా తవ్వి పెట్టినారు. పడుగు యాడ సాగదీయాల? గుంతలోనా?" కేశవులు వెనక్కి తిరిగి వరండా వైపు చెయ్యి చాపాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "మీరు ఇంట్లో దిగిన పొద్దే అనుకుంటి. ఏం వరండా అప్పా! ఎండ పడదు, వాన పడదు, కుక్కలు రావు. ఒక్క గంట పని. మీ ఓనరు వచ్చేలోగా సుట్టుకోని పోతాం."

నేత తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. చీరకు నిలువుగా వచ్చే పోగులన్నీ కలిసి పడుగు. మగ్గం ఎక్కించే ముందు దాన్ని వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఎమ్మిగనూరులో ఇది ఎవరికీ వింత కాదు. కేశవులు ఇంట్లో దీనికి తాతల నాటి కట్టుబాట్లు ఉన్నాయి. మొదలుపెట్టే ముందు రెండు కొసలా కుంకుమ బొట్టు పెట్టాలి. గంజి పట్టిన పడుగును ఆరేదాకా ఎత్తకూడదు, ఎత్తితే పోగులన్నీ అతుక్కుని మొత్తం దండగ. సాగదీసిన పడుగును ఎవరూ దాటకూడదు. అవతలికి పోవాలంటే కింది నుంచి వంగి పోవాలి. ఆయన దగ్గర దీనికి మినహాయింపులు లేవు, కలెక్టరు వచ్చినా వంగాల్సిందే.

ఉష, సుమంత్‌లు మాట్లాడుకోవడానికి వంటగదికి వెళ్లారు. ఇద్దరికి చోటు లేదు కాబట్టి పోట్లాట వంతులవారీగా జరిగింది. ముందు ఉష లోపలుండి, సుమంత్ గడప మీద నిలబడి తిట్లు తిన్నాడు. తర్వాత నీళ్లు తాగడానికి సుమంత్ లోపలికి వెళితే ఉష గడప మీదికి వచ్చి మిగిలినవి తిట్టింది.

"సుట్టాలు వద్దన్నాడు, వచ్చినారు. యాపారం వద్దన్నాడు, మూటతో వచ్చినారు. ఇంగ మేకొకటే తక్కువ!"

"మేకు కొట్టనియ్యనులే" అన్నాడు సుమంత్, ఒక్కటైనా కాపాడదామని.

కేశవులుకు మేకు అవసరమే రాలేదు. వరండాకు ఈ కొసన వీళ్ల ఫ్లాటు తలుపు. నడుమ పక్కింటి శారదమ్మ ఇల్లు. ఆ కొసన మెట్లు, మెట్ల పక్కన ఒక గోడ, గోడకు ఇనప తలుపు. ఆ గోడకొక చరిత్ర ఉంది. ఒకప్పుడు అక్కడ రోడ్డు వైపు తెరిచిన చోటు ఉండేది, అందరూ బట్టలు ఆరేసుకునేవారు. ఏడాది కిందట శంకరన్న ఎవరినీ అడగకుండా గోడ కట్టించి, లోపల పత్తి శాంపిళ్లు, పాత కాటా పెట్టి తాళం వేసుకున్నాడు. అందరిదీ అయిన చోటు ఎట్లా కడతావని భవనంలో అందరూ పోట్లాడారు. ఆయన వింటేనా?

కేశవులు ఇనప తలుపు కొండికి పురికొస కట్టి కొలత మొదలుపెట్టాడు. మూరలు కొలుచుకుంటూ ఈ కొసకు వచ్చేసరికి పడుగు పొడుగుకు వరండా చాలలేదు. మళ్లీ ఆ కొసకు పోయి, గోడకు ఎర్రగా ఇంత కుంకుమ బొట్టు పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని గట్టిగానే అన్నాడు:

"ఈ గోడ ఈడ ఉండగూడదు. ఈ గోడ పోతేనే మన పని సక్కగా అయ్యేది."

సరిగ్గా అప్పుడే పాల ప్యాకెట్టు కోసం శారదమ్మ తలుపు తీసింది.

ఆమె చూసిందేమిటి? ఖాకీ చొక్కా మనిషి. నడుం ఎత్తున పురికొస. గోడ మీద ఎర్ర గుర్తు. విన్నదేమిటి? గోడ పోవాలి. పాపం, ఆమెను అనుకుని లాభం లేదు. చెరువు స్థలంలో కట్టిన ఇళ్లన్నీ తీసేస్తారని ఊళ్లో ఎవరు పుట్టించారో గానీ ఒక మాట పుట్టింది. పోయిన నెల చెరువు గట్టు మీద ఒక జీపు వచ్చి ఆగింది కూడా. డ్రైవరు దిగి టీ తాగి పోయాడు. ఆ టీ తర్వాత సాగరతీర్ రెసిడెన్సీలో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు.

శారదమ్మ పాల ప్యాకెట్టు అక్కడే వదిలేసి లోపలికి పోయింది. జీడిపప్పు వేసి ఉప్మా చేసింది. పళ్లెం పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"సార్, పొద్దున్నుంచి పనిలో ఉండారు. కొంచెం టిఫిను చేయండి."

తనను సారన్నందుకు కేశవులు సిగ్గుపడ్డాడు. ఆదోనివాళ్లు ఎంత మర్యాదస్తులని మురిసిపోయాడు. "ఎందుకు తల్లీ నీకు శ్రమ?"

"శ్రమేముంది సార్. మీరు మా ఇల్లు ఒక్కటి చల్లంగా చూడాల. మా ఇంటికేమన్నా అవుతుందా సార్?"

"మీ ఇంటికేం గాదు తల్లీ. మీ వాకిలి ముందర నుంచి పోతాది, అంతే. మీరు తలుపు తీసుకోని గబుక్కున బయటికి రాకుంటే సాలు."

శారదమ్మ పళ్లెం ఆయన చేతిలో పెట్టేసింది. "మిమ్మల్ని ఎవరు పంపించినారు సార్?"

"పంపేదేముంది? ఎమ్మిగనూరులో మా వీధంతా తవ్వడం అయిపోయె. ఇంగ ఆడ పని ల్యాక ఈడికి వచ్చినాం."

ఆమె లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుని భవనం వాళ్ల ఫోను గ్రూపులో పెట్టింది: 'వచ్చేసినారు. ఎమ్మిగనూరు అయిపోయిందంట. మన మూడో అంతస్తు గోడకు ఎర్ర గుర్తు పెట్టినారు. ఇండ్లలోంచి ఎవరూ బయటికి రాగూడదంట.' కింది అంతస్తు నరసింహ తన కొత్త టీవీని అప్పటికప్పుడు ఆటోలోకి ఎక్కించి తానూ ఎక్కాడు. ఎక్కడికి పోవాలని ఆటోవాడు అడిగితే టీవీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఈలోగా పడుగు పరుచుకుంది. ఇనప తలుపు కొండి దగ్గర మొదలై, వరండా పొడుగునా నడుం ఎత్తున వచ్చి, శారదమ్మ వాకిలి మూసేసి, వీళ్ల తలుపులోంచి హాల్లోకి, హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి, అక్కడ చెరువు వైపు కిటికీ ఊచలకు కట్టుపడింది. చెప్పొచ్చేదేమంటే ఏ తలుపుకు గడియ ఉందని ఉష ఈ ఇల్లు పట్టుకుని వేలాడుతోందో, ఆ తలుపు ఇప్పుడు మూసుకోదు. నడిమధ్యలో నుంచి పడుగు పోతోంది. మంచానికి ఆవలి పక్కకు పోవాలంటే ఎవరైనా వంగాలి. ఈశ్వరమ్మ గంజి పట్టించింది. కేశవులు కుంచె పట్టుకుని పెళ్లికూతురి తల దువ్వినంత శ్రద్ధగా ఆ కొస నుంచి ఈ కొసకు దువ్వాడు. మూడు షరతుల్లో రెండు అప్పటికే మంట గలిశాయి.

గంటలో అయిపోవాల్సిన పని అయిపోలేదు. ఎందుకంటే గాలి లేదు. చెరువు మీది గాలి కిటికీలోంచి లోపలికి రావడానికి సిద్ధంగానే ఉంది గానీ, అవతల గోడ అడ్డం ఉండేసరికి పోవడానికి దారి లేదు. దారి లేని చోటికి గాలి మాత్రం ఎందుకొస్తుంది? సుమంత్ వచ్చి పడుగును వేలితో ముట్టుకున్నాడు. వేలు అంటుకుంది. గడియారం చూశాడు. మళ్లీ ముట్టుకున్నాడు. అంతలోనే ఆరుతుందా! 

"నాయనా, ఇంగ ఎంతసేపు?"

"గాలి సేతిలో ఉండాది అప్పా."

"శంకరన్న వచ్చే టైమయ్యె నాయనా! ఎత్తేద్దాం. సగం ఆరినా సాలు."

"ఎత్తితే కుప్పకు పారేయాల్సిందే."

సుమంత్ గబగబా లోపలికి పోయి కత్తెర తెచ్చాడు.  పోగుల మీద కత్తెర పెట్టాడు. కేశవులు అడ్డం రాలేదు. కొడుకు మొహం వైపు చూసి, కుంచె కింద పెట్టి, ఇంకోవైపు తిరిగి నిలబడ్డాడు. ఈశ్వరమ్మ మాత్రం ఉండబట్టలేకపోయింది.

"కొయ్యప్పా, కొయ్యి. నీ పెండ్లాం సీరే అది. పెండ్లయినాంక తొలి దసరా అని, కోడలికి నా సేత్తో నేసి ఇస్తా అని మీ నాయన సూపు సరిగా ఆనకున్న్యా పోగు పోగు సూసి తీసినాడు. ముందే సెప్పొద్దు, సీర సూపిచ్చినప్పుడే తెలియాల అన్న్యాడు. ఇప్పుడు తెలిసిపాయ గదా, కొయ్యి."

వంటగది గడప మీద నిలబడి ఉన్న ఉష ఈ మాట విన్నది. ఆమెకు దుఃఖం వచ్చింది. ఒకవైపు గడియ, ఒకవైపు చీర. మామేమో చీర తొలగించి తల లోపలికి పెట్టి పిలిచే మనిషే, కళ్లు సరిగా కనబడకున్నా తనకోసం పోగులు ఏరిన మనిషీ ఈయనే. వచ్చి సుమంత్ చేతిలోని కత్తెర లాక్కుంది.

"ఇల్లు పోతే పోనీ. కత్తెర తీసుకున్న్యావంటే నేను ఊరుకోను." కళ్లు తుడుచుకుని మామ వైపు తిరిగింది. "మామా, ఆ ఉప్మా చల్లారిపోతాంది. మీరిద్దరూ ముందు తినండి. శంకరన్న వస్తే నేను మాట్లాడుకుంటా."

అన్నదే గానీ, ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు. వంటగదిలోకి పోయి డికాక్షన్ వేసింది. అత్తామామలు హాల్లో నేల మీద, పడుగు కింద కూర్చుని ఉప్మా తింటున్నారు. సుమంత్ బెడ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి గట్టు రోడ్డు మీద కన్ను వేశాడు. శంకరన్న ఎప్పుడు వచ్చినా ఆ రోడ్డు మీదనే వస్తాడు.

ఆ రోజు మాత్రం ఆయన ముందు వైపు రోడ్డున వచ్చాడు. కారణం శారదమ్మ అంతకుముందే చేసిన ఫోను.

"శంకరన్నా, మీ గోడకే గుర్తు పెట్టినారు!"

శంకరన్న అప్పుడు మార్కెట్ యార్డులో పత్తి కుక్కిన పెద్ద గోనె బోరాల నడుమ ఉన్నాడు. అక్కడే ఒక బోరం మీద కూలబడ్డాడు. "ఎవరు పెట్టినారు?"

"పెద్దాయన. ఖాకీ సారు. గోడ పోవాల్సిందే అని నా చెవులారా విన్న్యా. మనిషి నెమ్మదస్తుడే, ఉప్మా గూడా తీసుకున్న్యాడు."

"తీసుకున్న్యాడా? తీసుకున్న్యాడంటే మాట వినే రకమే" అని శంకరన్న కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత బుర్ర పరుగెత్తింది. దొంగగా కట్టింది ఆ ఒక్క గోడే. దాన్ని చూసి పై అధికారులకు రాస్తే, ఆ వంకన ఫ్లాటు మీదికి రావచ్చు. రాసేలోపల గోడే లేకపోతే? గుర్తు దేనికి పెట్టినట్టు? ఆయన వెంటనే మేస్త్రీ కాశప్పను బండి మీద ఎక్కించుకుని, గట్టు మీద సారు జీపు ఉంటుందేమోనని ముందు వైపు రోడ్డు పట్టాడు. గోడ కట్టిందీ కాశప్పే.

ఇద్దరూ చప్పుడు కాకుండా మెట్లెక్కి వచ్చారు. వరండాలో మనిషి లేడు. ఇనప తలుపు కొండికి తెల్లటి దారాలు, వందలకొద్దీ, బిగించి కట్టి ఉన్నాయి. పక్కన ఎర్ర గుర్తు. శంకరన్న రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"సీలేసేసినారు కాశప్పా!"

కాశప్ప దారాల వైపు చూశాడు. "ఇదేం సీలు సావుకారీ? గంజి వాసన వస్తాంది."

"గమ్ము వేసి అంటిచ్చినారులే. సీలు ముట్టుకున్న్యామంటే జైలే. తలుపు జోలికి పోవద్దు. తలుపు వదిలిపెట్టి సుట్టూతా గోడ ఒక్కటి తియ్యి. సప్పుడు సేయొద్దు."

చప్పుడు లేకుండా గోడ పడగొట్టడం ఏ మేస్త్రీ వల్లా కాదు. కానీ కట్టేటప్పుడు శంకరన్న సిమెంటు దగ్గర చెయ్యి బిగబట్టడం ఇప్పుడు కలిసొచ్చింది. గునపం ఆనించగానే ఇటుకలు వాటంతట అవే జారి వచ్చాయి. ఒక్కొక్కటే తీసి కాశప్ప మెట్ల మీద పేర్చాడు. చూస్తుండగానే గోడ మాయమైంది. ఇనప తలుపొక్కటే, అటూ ఇటూ ఏమీ లేకుండా, ఒంటరిగా నిలబడింది. దానికి తాళం కూడా వేసే ఉంది.

కిటికీ దగ్గరున్న సుమంత్‌కు ముందు తెలిసింది. పడుగు వణికింది. ఆ వెంటనే, పొద్దుటి నుంచీ చెరువు మీద ఆగిపోయిన గాలంతా అతని చొక్కాను ఊపుకుంటూ కిటికీలోంచి లోపలికి దూసుకొచ్చింది. హాల్లో క్యాలెండరు ఎగిరింది. కేశవులు ఉప్మా ముద్ద నోటి దగ్గర ఆపి, "వచ్చెరా గాలి!" అని కేక పెట్టాడు. కేక పెట్టి వరండాలోకి తొంగిచూశాడు. ఆ కొసన గోడ లేదు. పడుగు లాగుడుకు ఇనప తలుపు ఇటువైపు వాలుతోంది.

"పడుగు! పడుగు పడిపోతాంది! పట్టుకోండప్పా!"

ఆ కేకకు శారదమ్మ తలుపు తీసింది. కింది అంతస్తుల వాళ్లు మెట్ల మీదికి వచ్చారు. ఖాకీ సారు పరుగెత్తుకు రావడం చూసి శంకరన్నకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎటూ పాలుపోక, వాలుతున్న తలుపును రెండు చేతులా కౌగిలించుకున్నాడు.

"తీసేసినాం సార్! గోడ తీసేసినాం! సీలు ముట్టలేదు సార్, సూడండి, ఎట్లున్నది అట్లే ఉండాది! మీరు ఏమీ రాసుకోవద్దు సార్!"

"మాటలొద్దు, బిగబట్టుకో అప్పా! వదిల్తే నేల పాలైతాది!"

శంకరన్న బిగబట్టుకున్నాడు. కాశప్ప వెనక నుంచి శంకరన్నను బిగబట్టుకున్నాడు. శారదమ్మ, మిగిలినవాళ్లు నడుమ నడుమ పడుగు కింద చేతులు పెట్టి నిలబడ్డారు. ఎవరికీ ఏం పట్టుకున్నారో తెలియదు. ఖాకీ సారు పట్టుకోమన్నాడు, పట్టుకున్నారు. గాలి గుయ్యిమంటూ పోతోంది. ఇటుక దుమ్మంతా పడుగు మీద వాలకుండా తిన్నగా పోయి శంకరన్న మీద పడింది. కేశవులు కుంచె పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు వంగి దువ్వుతూ తిరిగాడు. కాసేపటికి పోగులు చేతికి గరగరలాడాయి.

"ఆరిపాయె!" అన్నాడు ఆయన, చెమట తుడుచుకుంటూ. "సూసినారా, గోడ పోతే ఎంత గాలో! ఇంత మంది ఒక్క పడుగుకు సెయ్యేసింది నేను మా ఊర్లో గూడా సూడలేదు తల్లీ. మీ రుణం తీర్చుకోలేను."

శారదమ్మ ధైర్యం చేసి అడిగింది. "సార్, ఇంతకూ మా ఇండ్లు..."

"ఏం సారు తల్లీ, పొద్దుటి నుంచి సారూ సారూ అంటాండావు. నేను మీ పక్కింటి సుమంత్ వాళ్ల నాయన్ను. మగ్గం నేసుకునేటోన్ని."

 అందరి కళ్లూ మెల్లగా గోడ ఉండాల్సిన చోటు వైపు తిరిగాయి. అక్కడి నుంచి ఇనప తలుపును కౌగిలించుకుని ఉన్న శంకరన్న వైపు తిరిగాయి. ఏడాది పొడుగునా అందరూ కాళ్లావేళ్లా పడినా కదలని గోడ. ఆయనే మేస్త్రీని పిలిపించి, ఆయన చేతుల మీదుగా తీయించాడు. కాశప్ప ఎవరికీ చెప్పకుండా నవ్వుకోవడానికి మెట్లు దిగిపోయాడు.

అప్పుడే ఉష కాఫీ గ్లాసుతో బయటికి వచ్చింది. దాచడానికి ఏమీ మిగల్లేదు. చుట్టాలు ఎదురుగానే ఉన్నారు, వ్యాపారం వరండా నిండా ఉంది, మేకు బదులు గోడే పోయింది.  అయినా ఆమె గ్లాసు చాపి, ఎంతో నెమ్మదిగా అంది:

"రండి శంకరన్నా, కాఫీ తాగండి. పది అయింది. ఇల్లు చూస్తా అన్న్యారు గదా."

శంకరన్న కాఫీ అందుకున్నాడు. తాగుతూ ఆలోచించాడు. వీళ్లను తిట్టి పంపితే, ఎందుకు పంపావని యార్డులో అడుగుతారు. చెప్పాలంటే గోడ కథ చెప్పాలి. నేతాయన బొట్టు పెడితే భయపడి సొంత గోడ కూల్చుకున్నాడని తెలిసిన రోజు, పత్తి వేలంలో తన పాట ఎవడైనా లెక్కచేస్తాడా?  ఆయన మీసానికి అంటిన ఇటుక దుమ్ము తుడుచుకున్నాడు.

"మీరందరూ ఏమనుకుంటాండారు?" అన్నాడు గట్టిగా. "నాకు తెలియదనుకుంటిరా? అన్నీ తెలిసే తీయిచ్చినా. పెద్దాయన పడుగుకు గాలి ల్యాక అవస్థ పడతాండాడని శారదమ్మ ఫోను సేసింది. నేతోళ్లకు పనికిరాని గోడ నాకెందుకు? ఈ వరండా ఇంగ నేతోళ్లదే అనుకోండి."

శారదమ్మ బిత్తరపోయింది. కానీ గోడ పోయిన సంతోషం ముందు అబద్ధం ఎంత? "అవునవును, నేనే చేసినా ఫోను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడాది తర్వాత ఆ చోటు మళ్లీ బట్టలు ఆరేసుకోవడానికి దొరికింది మరి. చప్పట్లు వినేసరికి శంకరన్నకు తన మాట తనకే నిజమనిపించింది. గ్లాసు ఉష చేతికిచ్చి, పడుగు కింది నుంచి నడుం పట్టుకుని వంగి లోపలికి వచ్చి, ఇల్లు ఒకసారి కలియజూశాడు.

"సరే, ఉండండి" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఉష వేసుకున్న ప్లాను పొల్లు పోకుండా జరిగింది. ఆమె హాల్లో గోడకు ఆనుకుని అలాగే కూలబడిపోయి, నవ్వుతో ఏడుపుతో కలిపి ఒక నిట్టూర్పు విడిచింది. సుమంత్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"సూసినావా అమ్మా" అన్నాడు కేశవులు, పడుగు చుట్టుకుంటూ. "గోడ పోయినాంక వరండా సరిగ్గా సరిపోతాది. ఇంగ మీ పడకగదిలోకి రావాల్సిన పనే లేదు. మీకేం ఇబ్బంది ఉండదు."

ఆ మాటల్లో 'ఇంగ' అంటే ఇకముందు కూడా వస్తామనేనని ఉష ఆ ఊరటలో పట్టించుకోలేదు. కేశవులు మాత్రం మధ్యాహ్నం బస్సుకు ఊరు చేరుకుని, ఆదోని సావుకారు వరండాను నేతవాళ్లకు రాసిచ్చినంత పని చేశాడని వీధి వీధంతా చెప్పాడు. పైపుల గుంతలు ఇంకా పూడలేదు. ఆ వీధిలో పడుగులు ఆగిపోయిన ఇళ్లు బోలెడు.

దసరాకు ఉషకు చీర వచ్చింది. చిలకపచ్చ అంచు, లోపల వెతికితే తప్ప కనబడని, ఆ గోడ గుర్తుగా కేశవులు కలిపిన ఒక ఇటుకరంగు పోగు. కట్టుకుంటే శారదమ్మ కళ్లార్పకుండా చూసింది. అప్పటికి సాగరతీర్ రెసిడెన్సీ మూడో అంతస్తులో తెల్లవారకముందే బెల్లు మోగడం, ఎమ్మిగనూరు ఫస్టు బస్సులో వచ్చినవాళ్లు ఉష హాల్లో కాళ్లు కడుక్కుని గంజి క్యాన్లు దించుకోవడం, పడుగు ఆరేదాకా అక్కడే కూర్చుని కాఫీలు తాగడం మామూలైపోయింది.

బెడ్‌రూమ్ తలుపుకు గడియ ఇప్పుడు చక్కగా పడుతుంది, వేసుకునే తీరికే లేదు.